చిటికెనవేలు, ఒంటి ఫిడేలు

ఇప్పటి నర్సు పిల్లలకు చీము అంటే భయం లేదు. అందుకు నాకు సంతోషమే, కొంచెం అసూయ కూడా. మీకు చెయ్యి చాపితే అందే అలమరలో మందు ఉంటుంది. సూది వేస్తారు, జ్వరం దిగుతుంది, రోగి లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. మా రోజుల్లో ఆ అలమరలో ఉన్నవి అయొడిన్, ఉప్పు, దూది. పక్కన పొయ్యి మీద వేన్నీళ్ళు. వాటితో కాకపోతే డాక్టరుగారి కత్తి. కాలిలో ముల్లు దిగిన మనిషి వారం తిరక్కుండా పోవడం నేను చూశాను. అందుకని, ఒక చిటికెనవేలి గురించి ఈ ముసలమ్మ ఇంతసేపు చెబుతుందేమిటని విసుక్కోకండి.

మాది కోవిల్‌పట్టి. నాన్న పత్తి మిల్లులో కూలి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మిషన్‌వాళ్ళు నన్ను నర్సు చదువుకని ఆంధ్ర వైపు పంపినప్పుడే నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడి తోటి పిల్లలు నా మాటలు విని, "మా తాతమ్మ మాట్లాడినట్టుందే" అని నవ్వేవారు. చదువు ముగించుకుని తిరిగి వచ్చి, మా ఊళ్ళోనే ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో చేరాను. పంతొమ్మిదివందల ముప్పైల్లో మాట ఇది.

ఆ ఆసుపత్రిలో మాపైన ఇద్దరుండేవారు. ఒకరు దొరసాని డాక్టరమ్మ. ఎండకు కమిలిన ముఖం, పొడుగాటి చేతులు. అరవం తప్పుల్లేకుండా మాట్లాడేది గాని, పుస్తకం చదువుతున్నట్టే ఉండేది. సాయంత్రం బంగళా వరండాలో గ్రామఫోను పెట్టుకుని ఒంటరిగా వినడం ఆమెకున్న ఒకే ఒక్క విలాసం. రెండోవారు పెద్ద సిస్టరు. తిరునెల్వేలి మనిషి, యాభై దాటినది. ఆమె తమ్ముడు పాదానికి తగిలిన చిన్న గాయంతో చనిపోయాడట. చీము దగ్గర జాలి చూపకూడదని మాకు రోజూ చెప్పేది. ఆమె గదిలోకి వస్తే నేను నిలబడే తీరు మారిపోయేది.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. మిషన్ బోర్డింగు బడిలో సంగీతం వాద్యారు. మా వైపు పంతులును వాద్యారనే అంటారు. భార్య మిల్లులో నూలు చుట్టే పనికి పోతుంది. పనిలోంచి అలాగే వచ్చినట్టుంది, తలనిండా దూది పీచు. అతని ఎడమచేతికి పసుపు, ఆకుపసరు పట్టించిన గుడ్డ కట్టి ఉంది. ఫిడేలుకు కొత్త తంతి ఎక్కిస్తుంటే దాని మొన చిటికెనవేల్లో దిగిందని అరవంలో చెప్పాడు. నేను గుడ్డ విప్పేసరికి అరవం ఎటో పోయింది.

"అమ్మో, రొంబ నొస్తా ఉండాది!"

"కొంజం ఓర్సుకో అయ్యా," అన్నాను నేనూ తెలుగులోనే.

ఆయన భార్య కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వు మనోళ్ళ పిల్లవా? అయితే ఇంగ నాకు బయం లేదు."

నాకు ఉంది. వేలు ఊదా ఎరుపుగా ఉబ్బి, నీళ్ళు నింపిన తిత్తిలా బిగుసుకుపోయింది.

డాక్టరమ్మ వచ్చి చేయి చూసి, ఏం పని చేస్తావని అడిగింది. ఫిడేలు అనగానే, ఏం వాయిస్తావని అడిగింది. అతను ఏదో దొరల పేరు, దాని వెనక ఇంకేదో పేరు చెప్పాడు. ఆమె చేతిలోని కత్తెర పళ్ళెంలో పెట్టేసింది.

"అదా? నువ్వా?" అంది. తన చదువు రోజుల్లో ఒక పెద్ద హాలులో, సొనాటా అనే ఆ దొరల కృతిని విన్నదట. వేదిక మీద ఒక్కడే మనిషి, పక్కన పియానో లేదు, ఇంకో వాద్యం లేదు. కళ్ళు మూసుకుంటే నలుగురు వాయిస్తున్నట్టు ఉందని చెప్పింది. ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను అదే వినడం.

అదేమిటో నాకు అతనే తరువాత చెప్పాడు, ఉప్పునీళ్ళలో చెయ్యి ముంచుకుని కూర్చుని. "మన కచ్చేరీలో పాటకాడు ముందు పోతాడు, ఫిడేలు ఆయన వెనకాల పోతుంది. దొరల కచ్చేరీలో ఫిడేలు ముందు, పియానో వెనక. దీంట్లో ముందూ లేదు, వెనకా లేదు. ఒక్క ఫిడేలే పాడాల, తనకు తానే పక్కవాద్యం వాయించుకోవాల. ఒక్కోతూరి రెండు తంతులు ఒకే మాటున పలకాల, ఒక్కోతూరి మూడు. ఈ చిటికెనది ఉండాదే, ఇదే దూరం పోయి పట్టుకొచ్చేది."

"అంత కష్టమైంది యాల ఎత్తుకొంటివి వాద్యారయ్యా?"

"సులువైనవాటికి అన్నిటికీ పియానో కావాల. మా బడి పియానోను చెదలు తినేసినాయి. మదురై నించి ఒక దొరసాని ఈ దుమ్ములోకి వచ్చి నాకు పియానో వాయిస్తదా? ఒంటిగా నిలబడేది ఇదొక్కటే దొరికె."

నవ్వాడు గాని, అతనికి అది నవ్వులాట కాదు. బడికి కొత్తగా వచ్చిన మేనేజరు, సంగీతం పరీక్ష ప్యాసైన వాద్యారే ఉండాలని పట్టుబట్టాడు. పరీక్ష పెట్టే దొర ఏడాదికోసారే ఈ వైపు వస్తాడు. తప్పితే ఆ పని ఇంకొకరికి పోతుంది.

మొదటిరోజే డాక్టరమ్మ వేలికి గాటు పెట్టింది. లోపలి నరం తెగకుండా, పక్కగా, చిన్నగా. కొంచెం చీము వచ్చింది. అతనికి నొప్పి తగ్గింది. బయటికి రాగానే పెద్ద సిస్టరు నా చెవి దగ్గర గొణిగింది.

"అమ్మ ఇవాళ ఫిడేలు తలుచుకుని కోసింది. చీమును తలుచుకుని కొయ్యలేదు."

అది తప్పో ఒప్పో చెప్పేటంత చదువు నాకు లేదు. పెద్ద సిస్టరు మాట నిజమవుతుందేమోనని మాత్రం భయపడ్డాను. ప్రతిపూటా ఆ చేతిని వేడి ఉప్పునీళ్ళలో ముంచాను, తుడిచాను, కట్టాను. చెయ్యి ఎత్తి కడ్డీకి వేలాడదీశాను. రెండు పూటలు బాగానే ఉన్నట్టు కనబడింది. తరువాత అరచెయ్యి వాచింది.

ఆ ఉదయం వార్డులోకి అడుగుపెట్టగానే నాకు తెలిసిపోయింది. మణికట్టు లోపలి వైపు నుంచి ఎర్రటి చార ఒకటి ముంజేతి మీదికి పాకింది. చీము విషం రక్తంలోకి పోతున్నదనడానికి అది గుర్తు. అది చంక దాకా పోయాక బతికినవాళ్ళు తక్కువ. అతనికి వొళ్ళు కాలిపోతోంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

డాక్టరమ్మ చార వెంట వేలితో నిమిరి చూసింది. జేబులోంచి పెన్సిలు తీసింది. తడి తగిలితే ఊదారంగు తేలే పెన్సిలు అది. చార ఆగిన చోటికి కొంచెం పైన, ముంజేతికి అడ్డంగా గీత గీసింది.

"పొద్దు ఉండగా ఎరుపు ఈ గీత దాటితే వేలు తీసేస్తాను. దాటకపోతే రేపటిదాకా చూద్దాం."

"ఇప్పుడే తీసేయండమ్మా," అంది పెద్ద సిస్టరు.

అంతలోనే కయత్తారు నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. కాన్పు అడ్డం తిరిగి, బిడ్డ చెయ్యి ముందు వచ్చిందట. వెళ్ళక తప్పదు. మా దగ్గర లాంతర్లు తప్ప దీపాలు లేవు కనుక, కత్తి పని ఏదున్నా వెలుతురులోనే కావాలి. "పొద్దు ఉండగానే వస్తాను. నువ్వు ఈ చెయ్యి దగ్గర నుంచి కదలవద్దు," అని నాతో చెప్పి కారెక్కింది.

ఇంక నేను, అతను, ఆ గీత.

భార్యకు మిల్లులో సెలవివ్వలేదు. అతను గోడ వైపు చూడడు, నా వైపు చూడడు, గీతనే చూస్తాడు. నేను వేడినీళ్ళ గుడ్డలు మారుస్తున్నాను. మధ్యాహ్నం గాలి లేచి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, నల్లమట్టి దుమ్ము పక్కల మీద పడింది. భయం పోవడానికో ఏమో, అతను కుడిచేతి వేళ్ళతో మంచం పట్టె మీద వాయించడం మొదలుపెట్టాడు.

"రెండో బాగం ఇది. ఒక వరస పరిగెత్తుతుంది, దాన్ని తరుముతూ ఇంకోటి, దాన్ని తరుముతూ మూడోది. అన్నీ ఒక్క చేతిలోనే. ఈడ చిటికెనది ఎక్కితేనే మూడోది దొరుకుతుంది... సూస్తా ఉండావా?"

"చూస్తా ఉండా." నేను చూస్తున్నది చారను.

అవతలి గదిలో పెద్ద సిస్టరు పనిముట్లు ఉడకబెట్టడం మొదలుపెట్టింది. గిన్నెలో ఇనుము కదిలే చప్పుడు మా ఇద్దరికీ వినబడింది. అతను వాయించడం ఆపేశాడు.

పొద్దు వాలుతుండగా ఎరుపు గీతను తాకింది. నేను గుడ్డ మార్చి మళ్ళీ చూశాను. కిటికీ తెరిచి చూశాను. సందేహం లేదు, దాటింది. నేను చూశానని అతనూ చూశాడు.

"ఇంగా దాటలే కదా?"

"దాటింది అయ్యా."

"యాడ? ఈ వెలుతురులో నీకేం కనపడె?" గొంతు తగ్గించాడు. "అమ్మణ్ణీ, నువ్వు మన బాస పిల్లవు. ఒక్క గీత. కొంజం పైకి గియ్యి, సాలు. రేపటికి తగ్గిపోతాది. నా చెయ్యి నాకు తెలీదా?"

"అట్ల చెయ్యలేనయ్యా."

"వేలు పోయినంక బళ్ళో నన్ను ఏమని పెట్టుకుంటారు?"

నాకు ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవకూడదని గిన్నె తీసుకుని నీళ్ళు మార్చడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ముంజెయ్యి అంతా ఊదారంగు. బొటనవేలు నోట్లో తడుపుకుని గీతను రుద్దేశాడు. ఎక్కడ గీత, ఎక్కడ ఎరుపు, ఏమీ తెలియకుండా పులిమేశాడు.

"ఆవిరికి చెరిగిపొయ్యె," అన్నాడు నా ముఖం చూడకుండా.

బయట కారు హారన్ మోగింది.

డాక్టరమ్మ చేతుల మీద నెత్తుటి మరకలతోనే లోపలికి వచ్చింది. "తల్లి బతికింది," అని మాత్రం అంది. తరువాత ముంజెయ్యి చూసి ఆగిపోయింది. పెద్ద సిస్టరు ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గీత ఏది?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. దాటిందా?"

ఆమె కళ్ళలో ఏముందో నేను ఇప్పటికీ చెప్పగలను. దాటలేదని చెప్పమని అడుగుతున్నట్టే ఉంది. అతను కళ్ళు మూసుకుని, "అమ్మణ్ణీ..." అన్నాడు, వినీ వినబడకుండా. ఒక మనిషి ప్రాణం, ఒక మనిషి బతుకుతెరువు నా నోట్లో ఉన్నాయి.

"దాటింది," అన్నాను.

"ఎంత?"

"రెండు వేళ్ళ వెడల్పు."

అతను లేచి కూర్చుని అరిచాడు. మా తెలుగులో ఎన్ని తిట్లున్నాయో అన్నీ తిట్టాడు, నన్ను, నన్ను కన్నవాళ్ళను. డాక్టరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటున్నాడు?" అని అడిగింది.

"నన్ను తిడుతున్నాడమ్మా."

"తిట్టనీ," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఆ రోజు ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంది.

పెద్ద సిస్టరు క్లోరోఫాం చుక్కలు వేసింది. నేను మణికట్టు పట్టుకున్నాను. చిటికెనవేలు రెండు కణుపులు పోయింది, అరచెయ్యి లోతుగా తెరిచి చీము తీశారు. మర్నాటికి జ్వరం మెత్తబడింది. ఆ మర్నాటికి చార పాలిపోయింది. పెద్ద సిస్టరు నా దగ్గరికి వచ్చి, "చూశావా, బతికాడు," అంది. ఆమె మెచ్చుకున్నది నన్ను ఆ ఒక్కసారే. నాకు సంతోషం కలగలేదు.

అతను కట్టు కట్టించుకునేటప్పుడల్లా ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. ఇంటికి వెళ్ళేరోజు అతని భార్య నా రెండు చేతులూ పట్టుకుని, "నా తాళి మిగిలింది నీ మాట వల్లనే సిస్టరమ్మా," అంది. అతను బండి దగ్గర నుంచే, "సాలు, రా," అన్నాడు.

మీరు అడగబోయేది నాకు తెలుసు. వేలు తీయకుండా అరచెయ్యి ఒక్కటే తెరిచి ఉంటే తగ్గేది కాదా? డాక్టరమ్మ తన దేశానికి వెళ్ళిపోయే ముందు నేనే ధైర్యం చేసి అడిగాను. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. "నాకు తెలియదు. మొదటి గాటు పెద్దగా పెట్టి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదేమో, అదీ తెలియదు. ఆ రోజు నాకు తెలిసింది నువ్వు చెప్పిన మాట ఒక్కటే."

మరుసటి ఏడు నన్ను విరుదునగరం ఆసుపత్రికి మార్చారు. మా పెద్దవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే అనేవారు. ఊరంతా పత్తి బేళ్ళు, మిరపకాయల గోదాములు. గాలి తిరిగితే చాలు, ఆసుపత్రిలో రోగుల దగ్గర నుంచి డాక్టరు దాకా అందరం తుమ్మేవాళ్ళం.

ఒక ఉదయం అతని భార్య మా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంది, వొళ్ళో సద్దిమూట పెట్టుకుని. నన్ను చూసి లేచింది.

"మళ్ళీ ఎత్తుకొన్నాడు సిస్టరమ్మా. మిగిలిన వేళ్ళతోనే. ఒక్కో వేలుకీ కొత్త దారి నేర్పించినాడు. ఆ మొండిని కూడా తంతి మీద పెడతా ఉండాడు. తోలు పగిలి నెత్తురొస్తా ఉండాది, నాకు సూపీడు. ఈ పొద్దే ఈడ పరీచ్చ. నువ్వు గుడ్డలు ఎత్తుకొని రా."

"ఆయనకు చెప్పినావా అక్కా?"

"సెప్పలే. సెప్తే రానిస్తాడా?"

పరీక్ష దొర రెండు రైళ్ళ నడుమ విరుదునగరంలో దిగి, ఒక బడి హాల్లో కూర్చున్నాడు. ముసలివాడు, బక్కపలచని మనిషి. మిరప ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే రుమాలుతో ఒత్తుకుంటూ, సొనాటా అచ్చు కాగితాలు బల్ల మీద పరుచుకున్నాడు. మేమిద్దరం వెనక బెంచీ మీద కూర్చున్నాం. వాద్యారు ఫిడేలు పట్టుకుని ముందుకు వచ్చి, నన్ను చూశాడు. ముఖం నల్లబడింది. ఒక్క క్షణం, వాయించకుండా వెళ్ళిపోతాడనుకున్నాను. అప్పటికే దొర తల వంచుకుని, "కానివ్వు," అన్నాడు.

నాకు దొరల సంగీతం తెలియదు. చేతులు తెలుసు. నేను కట్టిన చెయ్యి అది, దాని ప్రతి మచ్చా తెలుసు. మొదటి భాగం నెమ్మదిగా, బరువుగా సాగింది. మూడు వేళ్ళు నాలుగో వేలు ఉండాల్సిన చోటికి సాగి, మళ్ళీ వెనక్కి వచ్చేవి. ఒకే మనిషి దగ్గర నుంచి రెండు గొంతులు వచ్చాయి. డాక్టరమ్మ చెప్పినట్టు కళ్ళు మూసుకోవాలనిపించింది గాని, మూసుకోలేకపోయాను.

తరువాత తరుముకునే భాగం వచ్చింది. నాకు మంచం పట్టె గుర్తొచ్చింది. ఒక వరస పరిగెత్తింది, రెండోది తగులుకుంది, మూడోదాని కోసం మొండివేలు తంతి మీదికి ఎక్కింది. ఎక్కిన ప్రతిసారీ అతని దవడ బిగుసుకునేది. కొంతసేపటికి ఫిడేలు మెడ మీద ఎర్రటి చుక్క కనబడింది. తరువాత ఇంకొకటి. భార్య నా మోచెయ్యి పట్టుకుని గోళ్ళు దించింది. వేలు జారింది. ఒక స్వరం కీచుమంది. అతను ఆగలేదు. దొర తల ఎత్తలేదు, కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకున్నాడు. చివరి భాగం ఒకటే పరుగు. తంతులు తడిసిపోయాయి, ఆ పరుగు అందుకోలేక రెండుచోట్ల వెనకబడ్డాడు, మళ్ళీ అందుకున్నాడు. ముగించేసరికి అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

దొర మార్కులు వేసి, తీరిగ్గా చెప్పాడు. స్వరం మంచిది, మనసు పెట్టి వాయించావు. కాని ఫలానా చోట తప్పు, ఫలానా చోట స్వరాలు వదిలేశావు, చివరి భాగంలో వేగం చాలదు. ఈసారి ప్యాసు చేయలేను, మళ్ళీ రా.

వాద్యారు తల ఊపి, కాగితం అందుకోవడానికి ఎడమచెయ్యి చాపాడు. అప్పుడు చూశాడు దొర ఆ చేతిని. కాసేపు చూశాడు. ముసలివాడి ముఖం తెల్లబోయింది.

"ఇది నాకు ముందే చెప్పాల్సింది," అని కాగితం వెనక్కి లాక్కుని, కలం మూత తీశాడు.

"అయ్యా, దయచేసి మార్చకండి," అన్నాడు వాద్యారు, ఇంగ్లీషులో, మెల్లగా. "అది అలాగే ఉండనివ్వండి."

దొర కలం పట్టుకుని కూర్చుండిపోయాడు. భార్యకు ఇంగ్లీషు రాదు. ఏమన్నాడు, ఏమన్నాడని నన్ను కుదుపుతోంది. మళ్ళీ నా నోటనే చెప్పాల్సి వచ్చింది.

"తప్పినాడక్కా. దొర దిద్దుతానంటే వద్దన్నాడు."

బయటికి రాగానే ఆమె అతని మీద పడింది. "యాల వద్దంటివయ్యా? ఆయనే ఇస్తానంటా ఉంటే! ఉద్దోగం పోతే ఏం తిందాము? నా మిల్లు కూలితోనా?"

"నా పాట విన్నాడు ఆయన," అన్నాడు. "చెయ్యి సూళ్ళే. సూడకుండా తూకం ఏసినాడు. సూసినంక ఏసేది తూకం కాదు, బిచ్చం."

"ఆ మాట పొయ్యిలో పెట్టి ఉడికించు, తిందాము," అంది ఆమె.

ఉద్యోగం పోలేదు. ఆ దొరే బడి మేనేజరుకు చెప్పాడట, ఇతన్ని ఇంకో ఏడాది ఉంచితే తప్పకుండా ప్యాసవుతాడని. మరుసటి ఏడు ప్యాసయ్యాడు కూడా. కాని ఆ పూట మా ముగ్గురికీ ఇవేవీ తెలియవు.

బడి వరండాలో అతన్ని కూర్చోబెట్టి నేను గుడ్డలు తీశాను. చెయ్యి ఇస్తాడో లేదో అనుకున్నాను. ఇచ్చాడు. అయొడిన్ తగిలి చురుక్కుమన్నా ముఖం తిప్పుకోలేదు.

"సిస్టరమ్మా," అన్నాడు. "ఆ పొద్దు అది దాటింది నాకూ కనపడె."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే కట్టు వంకర పోయేది.

భార్య దూరంగా వరండా చివర కూర్చుని సద్దిమూట విప్పుతోంది. కోపం ఇంకా దిగలేదు, గిన్నెల చప్పుడులోనే తెలుస్తోంది. మా వైపు చూడలేదు, పిలవలేదు. మూడాకులు పరిచి, మూడింటిలోనూ అన్నం పెట్టింది.